తండ్రి కోచ్, కొడుకు బెంచీ మీద: గుల్బర్గాలో కన్నుమూసిన హకీమ్ సాబ్



పోయిన నెల మీటింగుకి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పిల్లల ఫుట్‌బాల్ జట్టు ఎంపిక దగ్గర మాటా మాటా పెరిగింది. వెనక వరసలోంచి ఒకాయన లేచి, "కమిటీలో ఉన్నవాళ్ళ పిల్లలకే చాన్సులు, మా పిల్లలు నీళ్ళ బాటిళ్ళు మోయడానికా?" అని అడిగేశారు. కమిటీలో నేనూ ఉన్నాను. జట్టులో మా చిన్నోడూ ఉన్నాడు. ఆ మాట నాకే తగిలింది. ఇంటికొచ్చాక కూడా నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది హకీమ్ సాబ్ కథ. ఎప్పట్నుంచో రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నదే. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

2021 ఆగస్టు 22న గుల్బర్గాలోని ఒక ఆసుపత్రిలో 82 ఏళ్ళ పెద్దాయన ఒకరు చనిపోయారు. పేరు సయ్యద్ షాహిద్ హకీమ్. మనకి నూట పది, నూట ఇరవై కిలోమీటర్ల దూరం. పొద్దున హుమ్నాబాద్ మీదుగా రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి వెనక్కి రాగలిగిన ఊరు. మన బీదర్‌లో మాత్రం ఆ వార్త గురించి ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. కరోనా రోజులు, ఎవరి బాధలు వాళ్ళవి, అది ఒప్పుకుంటాను. కానీ పోయినాయన ఒలింపిక్ జట్టు మనిషి. పైగా, మన తాతల కాలం లెక్కన చూస్తే, మన సంస్థానం మనిషే.

కొత్త సభ్యుల కోసం ఒక్క ముక్క చెప్పాలి. 1956 నవంబరు 1 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. నిజాం కాలం నుంచి వచ్చిన పదహారు జిల్లాల్లో ఎనిమిది తెలంగాణవి, అయిదు మరాఠ్వాడావి, మూడు కన్నడ జిల్లాలు: బీదర్, గుల్బర్గా, రాయచూరు. కోర్టు పనైనా, కాలేజీ చదువైనా, పెళ్ళి బట్టలైనా వికారాబాద్ మీదుగా రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాల్సిందే. మా మేనమామ ఆ రోజుల్లో అక్కడ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. పరీక్షల గురించి ఎప్పుడూ చెప్పలేదు గానీ, సిటీ పోలీస్ జట్టు ఆట గురించి అడక్కుండానే చెప్పేవాడు. అన్నం తింటూ తింటూ ఆపేసి, ఎడమ కాలితో బంతి ఎలా ఇచ్చేవారో కంచం పక్కన చెంబు పెట్టి చూపించేవాడు. అత్తయ్య తిట్టేది.

ఆ జట్టుని తయారు చేసిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. హకీమ్ సాబ్ వాళ్ళ నాన్న. 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' మీలో చాలామంది చూసే ఉంటారు, అజయ్ దేవగన్ వేసింది ఆయన పాత్రే. సినిమా సంగతి పక్కన పెట్టండి, అసలు మనిషి బడిపంతులు. ఉస్మానియాలో బి.ఏ. చదివాడు, అక్కడి జట్టుకి ఆడాడు, తర్వాత కమర్ క్లబ్ తరఫున ఆడాడు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఇంకొన్ని బడుల్లో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, దారుల్ ఉలూమ్, చంచల్‌గూడ హైస్కూళ్ళలో ఆటల బాధ్యత తీసుకున్నాడు. ఆటగాడిగా ఆయన పేరు హైదరాబాద్ దాటి పెద్దగా వెళ్ళలేదు. వెళ్ళింది కోచ్‌గా.

1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్‌దే. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు 1950లో గెలిచారు, 1954లో గెలిచారు, 1957లో గెలిచారు, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో మళ్ళీ గెలిచారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అని దేశమంతా కలవరించే రోజుల్లో సంగతి ఇది.

రహీమ్ సాబ్ పద్ధతులు బడిపంతులు పద్ధతులే. పిల్లలకి డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతి కాలి దగ్గర దాచుకోవడానికి వీల్లేదు, అందగానే ఇచ్చెయ్యాలి. ఇంకో టోర్నమెంటులో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడి కాలి వాటం వాడు ఎడమ కాలితో, ఎడమ కాలి వాటం వాడు కుడి కాలితో. ఎక్కాలు వెనక నుంచి చెప్పించినట్టు. మా మేనమామ చెంబు ఎడమ పక్కనే ఎందుకు పెట్టేవాడో నాకు ఇది చదివాకే అర్థమైంది.

భారత జట్టు అప్పటికి ఎక్కడుందో కూడా చూడాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్త కాళ్ళతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడారు. 1952 హెల్సింకీలో చలి, తడి నేల, మళ్ళీ ఉత్త కాళ్ళే. యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. ఆ జట్టుకి కోచ్ రహీమ్ సాబే. అంతకు ముందు ఏడాదే, 1951లో, ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద మేవాలాల్ గోల్‌తో బంగారం తెచ్చిన కోచూ ఆయనే. ఆకాశానికెత్తిన ఏడాదికే నేల మీద పడేశారన్నమాట. బూట్లు తప్పనిసరి అయింది హెల్సింకీ తర్వాతే.

1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్‌లో భారత్ 4-2తో ఆస్ట్రేలియాని ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్‌కి వెళ్ళింది. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, గోల్ కీపర్ పీటర్ తంగరాజ్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్, వీళ్ళంతా హైదరాబాద్ నేల మీద పుట్టి పెరిగినవాళ్ళు. తేదీ గమనించారా? బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి సరిగ్గా నెల. ఆ గెలుపు మనదని చెప్పుకోవడానికి ఒక్క నెల ఆలస్యమైపోయాం. సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే అయినా 1-4తో ఓడి, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియాకి 0-3తో తలవంచి, నాలుగో స్థానంతో వచ్చారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకి అంతకు మించి ఇప్పటికీ రాలేదు.

ఇక అసలు కథ. 1960 రోమ్ ఒలింపిక్స్. కోచ్ రహీమ్ సాబ్. జట్టు జాబితాలో ఒక పేరు ఎస్.ఎస్. హకీమ్, మధ్యలో ఆడే హాఫ్ బ్యాక్. వయసు ఇరవై ఒకటి. కోచ్ గారి కొడుకు.

మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. రోమ్ అంటామే గానీ మనవాళ్ళ మ్యాచ్‌లు జరిగింది లాక్విలా, గ్రొస్సెతో, పెస్కారా అనే చిన్న ఊళ్ళలో. హంగరీ అంటే అప్పట్లో యూరప్‌కే గురువు లాంటి జట్టు, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం తీసుకుంది కూడా. దాని చేతిలో 1-2తో మాత్రమే ఓడాం, గోల్ బలరామ్‌ది. ఫ్రాన్స్ మీద కెప్టెన్ పి.కె. బెనర్జీ గోల్‌తో ముందుకెళ్ళాం, ఆఖరి పది నిమిషాల్లో వాళ్ళు సమం చేశారు. పెరూ చేతిలో 1-3. ఆ ఒక్క గోలూ బలరామ్‌దే. అంటే మనం కొట్టిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడ కుర్రాడివి.

ఈ మూడు మ్యాచ్‌ల్లోనూ హకీమ్ ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

ఇప్పటి పిల్లలకి ఇది సరిగ్గా అర్థం కాకపోవచ్చు. ఇప్పుడైతే మధ్యలో మార్చొచ్చు, ఆఖరి అయిదు నిమిషాలకైనా దింపొచ్చు, "నేనూ ఆడాను" అని జీవితాంతం చెప్పుకోవచ్చు. అప్పుడు అలా లేదు. పెద్ద పోటీల్లో సబ్‌స్టిట్యూట్లు ఉండేవారు కాదు. ప్రపంచ కప్పులో మొదటిసారి సబ్‌స్టిట్యూట్లని ఒప్పుకున్నదే 1970లో. పొద్దున చదివిన పదకొండు పేర్లలో నీ పేరు లేకపోతే ఆ రోజుకి నువ్వు ప్రేక్షకుడివే. ఆ పదకొండు పేర్లు ఖాయం చేసేది నాన్న.

ఆ కుర్రాడికి ఆట రాదా అంటే, వచ్చు. తండ్రి పేరు చూసి విమానం ఎక్కించారని అనడానికి వీల్లేదు. అదే 1960లో సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది, అందులో హకీమ్ ఉన్నాడు. సర్వీసెస్ జట్టుకి రహీమ్ సాబ్ సిఫారసు అక్కర్లేదు. కానీ ఆ హాఫ్ బ్యాక్ స్థానాలకే పోటీలో మరియప్ప కెంపయ్య, రామ్ బహదూర్ లాంటి గట్టివాళ్ళు ఉన్నారు. కెంపయ్య మైసూరు రాష్ట్రం మనిషి. లెక్క ఎంత విచిత్రంగా తిరిగిందో చూడండి: అప్పటికి మనం మైసూరు రాష్ట్రం వాళ్ళమే. బీదర్‌లో కూర్చుని ఎవరికైనా అభిమానం ఉండాలంటే కెంపయ్య మీద ఉండాలా, హైదరాబాద్ పంతులు గారి కొడుకు మీద ఉండాలా?

కుర్రతనంలో ఈ కథ విన్నప్పుడు రహీమ్ సాబ్ మీద గౌరవం పదింతలైంది నాకు. కన్నకొడుకైనా సరే, జట్టు తర్వాతే అన్నాడు కదా అని. ఇప్పుడు నాకూ ఒక కొడుకున్నాడు, ఇప్పుడు ఆ కథ అంత తేలిగ్గా మింగుడు పడటం లేదు. కోచ్ కొడుకు కాకుండా ఇంకెవరి కొడుకైనా అయ్యుంటే హకీమ్‌కి పెరూ మ్యాచ్ దొరికేదేమో. అప్పటికి రెండు మ్యాచ్‌ల్లో మనకి వచ్చింది ఒకే ఒక్క డ్రా. బయటివాడిని దింపితే ప్రయోగం అంటారు, కొడుకుని దింపితే పక్షపాతం అంటారు. ఆ మాట పడకూడదని తండ్రి తన కొడుకు తూకంలో రవ్వంత ఎక్కువ బరువు పెట్టి ఉంటే, అదీ అన్యాయమే కదా? 1998 ప్రపంచ కప్పులో ఇటలీ కోచ్ చేజారే మాల్దీని, కెప్టెన్ ఆయన కొడుకు పావ్‌లో. వేలెత్తి చూపినవాళ్ళు తక్కువ, ఎందుకంటే ఆ కొడుకు అప్పటికే లోకం మెచ్చిన ఆటగాడు. ఇబ్బందంతా హకీమ్ లాంటి వాళ్ళకే. ఆట వచ్చు, కానీ పోటీలో ఉన్నవాడికంటే ఎంత ఎక్కువ వచ్చో నిరూపించుకునే వీలు లేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఆ జట్టులో హకీమ్‌కి చోటు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఈసారి బెంచీ కూడా లేదు. ఆ టోర్నమెంటేమో రహీమ్ సాబ్ జీవితంలో చివరి పెద్ద పని. క్యాన్సర్ అప్పటికే లోపల తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో కొట్టారు. థాయిలాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీస్‌లో రహీమ్ సాబ్ ఆ డిఫెండర్‌ని తీసుకెళ్ళి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. కుట్లతోనే ఆడి జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ వియత్నాం మీద 3-2. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని రానివ్వని గొడవలో భారత ప్రతినిధి సోంధీ మాట్లాడిన తీరుకి ఇండోనేషియా జనం మండిపడి ఉన్నారు, ఫైనల్లో లక్ష మంది మనకి ఎదురుగా అరిచారు. దక్షిణ కొరియా మీద పి.కె. ఒకటి, జర్నైల్ ఇంకొకటి. 2-1. బంగారం.

1963 జూన్ 11న రహీమ్ సాబ్ వెళ్ళిపోయారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గానీ మొదలు కాలేదు. 1990లో అది అందుకున్న హైదరాబాదీ నయీముద్దీన్ రహీమ్ సాబ్ ఒరవడిలోంచి వచ్చినవాడే, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్. ఆయన మీద ఇంకో పోస్టు రాయాలి, ఇక్కడ పట్టదు.

తండ్రి పోయేనాటికి హకీమ్‌కి ఇరవై నాలుగు కూడా నిండలేదు. ఆడే వయసు ఇంకా ఉంది, కానీ భారత జట్టుకి ఒలింపిక్స్ మళ్ళీ రాలేదు. 1960 రోమ్ మన ఫుట్‌బాల్ జట్టు ఆడిన ఆఖరి ఒలింపిక్స్, ఈ రోజు దాకా. రెండో అవకాశం అన్న మాటే ఆయనకి లేదు.

ఎయిర్ ఫోర్స్‌లో ఉద్యోగం, స్క్వాడ్రన్ లీడర్ దాకా వెళ్ళారు. మన ఊళ్ళో ఎయిర్ ఫోర్స్ స్టేషన్ పక్కన పెరిగిన పిల్లలకి ఆ హోదా ఏమిటో నేను చెప్పక్కర్లేదు. రిఫరీ అయ్యారు, అదీ మామూలు రిఫరీ కాదు, ఫిఫా బ్యాడ్జి ఉన్న అంతర్జాతీయ రిఫరీ. రెండు జట్లలో ఏదీ తనది కాని మనిషి.

కోచింగ్‌లోకీ వచ్చారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. బెనర్జీకి సహాయక కోచ్‌గా కూర్చున్నది హకీమ్ సాబే. ఇరవై రెండేళ్ళ క్రితం రోమ్‌లో ఎవరి కెప్టెన్సీలో మైదానంలోకి దిగలేకపోయారో, ఆ పి.కె. పక్కనే. ఆ క్రీడల్లో క్వార్టర్ ఫైనల్ ముగియబోతుండగా సౌదీ అరేబియా గోల్ కొట్టింది, 0-1తో ఇంటికి. తర్వాత మెర్డేకా టోర్నమెంటులో ఆయనే చీఫ్ కోచ్. క్లబ్బుల్లో సాల్గావ్‌కర్, హిందుస్తాన్ ఎఫ్.సి., బెంగాల్ ముంబై ఎఫ్.సి. జట్లకి శిక్షణ ఇచ్చారు. పెద్ద గెలుపు మాత్రం మహీంద్రా అండ్ మహీంద్రాతో. 1998లో ఈస్ట్ బెంగాల్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు. నాన్న జట్టు మొదటిసారి ఎత్తిన నలభై ఎనిమిదేళ్ళకి అదే కప్పు కొడుకు జట్టు చేతికొచ్చింది. మా మేనమామ అప్పటికి లేడు. ఉంటే చెంబు బయటికి తీసేవాడు.

స్పోర్ట్స్ అథారిటీలో ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా పని చేశారు. ఆయన ఆఖరి బాధ్యత నాకు అన్నిటికంటే నచ్చింది. 2017లో పదిహేడేళ్ళ లోపు పిల్లల ప్రపంచ కప్పు మన దేశంలో జరిగింది కదా. దానికోసం దేశమంతా తిరిగి పిల్లల్ని వెతికే పనికి ఆయన్ని ఇన్‌చార్జిగా పెట్టారు. డెబ్బై దాటిన వయసులో, ఎక్కడో మైదానం అంచున నిలబడి, ఎవరికీ తెలియని కుర్రాడి కాళ్ళ వైపు చూస్తూ ఉండటం. ఆ టోర్నమెంటులో 2017 అక్టోబరు 9న కొలంబియా మీద మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ తలతో ఒక గోల్ కొట్టాడు. ఫిఫా ప్రపంచ కప్పు స్థాయిలో భారత్‌కి అదే మొట్టమొదటి గోల్.

ఆ ఏడాదే హకీమ్ సాబ్‌కి ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది, ఆటకి జీవితకాలం చేసిన సేవకి. ఆ ఏడాదే అక్టోబరులో బీదర్–కలబురగి రైలు మార్గం కూడా మొదలైంది. మన సంఘం నుంచి ఒక శాలువా పట్టుకుని ఎవరైనా వెళ్ళి ఉండొచ్చు. "అయ్యా, మీ నాన్నగారు తయారు చేసిన జట్టు ఆటని మా ఊరి పెద్దలు హైదరాబాద్ వెళ్ళి చూసేవాళ్ళు" అని చెప్పి ఉండొచ్చు. మనకి అప్పటికి ఆయన ఎవరో తెలియదు. నాకూ తెలియదు. చనిపోయాక పేపర్లో చిన్న వార్త చదివి, తండ్రి పేరు చూసి, ఉలిక్కిపడి మొదలుపెట్టాను ఇదంతా తెలుసుకోవడం.

మళ్ళీ మన జట్టు దగ్గరికి వస్తాను. ఆ రోజు లేచి అడిగిన పెద్దమనిషికి నేను జవాబు ఇవ్వలేదు, కోపమొచ్చి కాదు, జవాబు లేక. ఆయన అబ్బాయి ఆట ఆదివారం పొద్దున నేను ఒక్కణ్ణే వెళ్ళి చూశాను. మా చిన్నోడికంటే పరుగు ఎక్కువ, బంతి ఇవ్వడం తక్కువ. ఎడమ కాలు అసలు వాడడు. మా వాడూ అంతే, కుడి కాలి మీదే బతుకు. కాబట్టి నేను ఎంపిక కమిటీ నుంచి తప్పుకుంటున్నాను, అధ్యక్షుల వారికి నిన్ననే చెప్పాను. పేర్లు ఎంచే పని పిల్లలు ఎవరూ జట్టులో లేని ముగ్గురికి ఇవ్వండి. నేను మాత్రం వచ్చే ఆదివారం ఆరున్నరకి మైదానానికి వస్తాను. ఎంపిక మ్యాచ్ కంటే ముందు ఒక గంట, అందరు పిల్లలూ, బలహీనమైన కాలితో మాత్రమే. తల్లిదండ్రులు గీత బయట నిలబడాలి, అరవకూడదు. నీళ్ళ బాటిళ్ళు ఈసారి నేను మోస్తాను.